మోటర్‌హోమ్‌లో తాగునీటి ట్యాంకు: ఏ పదార్థాన్ని నమ్మాలి, దేన్ని వద్దనాలి

ఇంటి మేడమీది ట్యాంకులో నీరు సాధారణంగా ఒకటి రెండు రోజులకు మించి నిలవదు. వాడుతున్న కొద్దీ కొత్త నీరు వచ్చి చేరుతూనే ఉంటుంది. మోటర్‌హోమ్‌లో, అంటే ఇల్లులా అమర్చుకుని తిరిగే బండిలో, అలా కాదు. ప్రయాణం ముగిశాక బండిని షెడ్డులో పెట్టి మరిచిపోతే అదే నీరు వారాల తరబడి అందులోనే ఉండిపోతుంది. ఎండలో నిలిపిన బండి లోపల వేడెక్కుతుంది. ఘాటు రోడ్డు మీద గోడలకు కొట్టుకుంటూ కదులుతుంది. పైగా ట్యాంకు చిన్నది. చిన్నదైతే చింత తక్కువ అనిపిస్తుంది గానీ లెక్క వేసి చూస్తే విషయం తిరగబడుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మీటరు చొప్పున ఉండే వెయ్యి లీటర్ల తొట్టిలో ఒక్కొక్క లీటరు నీటి వాటాకు వచ్చే గోడ 60 చదరపు సెంటీమీటర్లయితే, 80, 50, 25 సెంటీమీటర్ల కొలతలతో సీటు కింద ఇమిడే వంద లీటర్ల ట్యాంకులో అది 145 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. గోడ నుంచి నీటిలోకి ఏదైనా దిగేటట్లయితే ఇంటి తొట్టి కన్నా బండి ట్యాంకులో రెండింతలకు పైగా దిగుతుందన్నమాట. ఇంటి సంపుకు పనికివచ్చిన పూత బండి ట్యాంకుకూ పనికివస్తుందని అనుకోకూడదనడానికి మొదటి కారణం ఇదే.

పదార్థం నుంచి నీటిలోకి ఎంత దిగుతుందన్నది ఆ పదార్థం ఏమిటన్నదాని మీదనే కాక, నీరు ఎంతసేపు నిలిచింది, ఎంత వేడిగా ఉంది, ఆ నీటిలో ఏమి కలిసి ఉంది అన్న మూడింటి మీద కూడా ఆధారపడుతుంది. ఇది మన వంటిళ్ళకు కొత్త సంగతి కాదు. ఊరగాయను జాడీలో పెట్టారే గానీ ఇత్తడి గిన్నెలో పెట్టలేదు. కళాయి పోయిన పాత్రలో పులుసు కాచనివ్వలేదు, ఎందుకంటే చిలుము పడుతుంది. అదే ఇత్తడి బిందెలో మంచినీళ్ళు మాత్రం పట్టారు. లోపల పోసేదాన్ని బట్టి పాత్రను ఎంచుకునే ఆ వివేకమే ఇక్కడా కావాలి. కాబట్టి ట్యాంకు కొనే ముందు మీరు ఎక్కువగా నింపబోయేది మున్సిపాలిటీ నీరా, బోరు నీరా, శుద్ధి చేసిన నీరా అన్నది తేల్చుకోండి.

ధ్రువీకరణను ఎలా చదవాలి

దుకాణంలో ముందుగా వినిపించే మాట "ఫుడ్ గ్రేడ్ అండీ". ఆ మాట ఒక్కటే అయితే దానికి విలువ లేదు. ఏ ప్రమాణం ప్రకారం, ఏ వస్తువుకు, ఎంత ఉష్ణోగ్రత దగ్గర అన్న మూడు ప్రశ్నలకు జవాబు కాగితం మీద ఉండాలి.

భారతదేశంలో తాగునీటికీ ఆహారానికీ తగిలే పాలీఇథిలీన్ అనే ప్లాస్టిక్‌కు ఐఎస్ (భారతీయ ప్రమాణం) 10146, అందులో కలపదగిన పదార్థాల జాబితాకు ఐఎస్ 10141, అచ్చులో తిప్పి పోసే నీటి ట్యాంకులకు ఐఎస్ 12701 ప్రమాణాలు ఉన్నాయి. ప్లాస్టిక్ నుంచి మొత్తం మీద ఎంత పదార్థం బయటికి దిగుతుందో కొలిచే పద్ధతి ఐఎస్ 9845లో ఉంది. ఆ కొలత లీటరుకు 60 మిల్లీగ్రాములు దాటకూడదు. అమెరికాలో బండి కొనే లేదా సొంతంగా కట్టుకునే మనవాళ్ళు చూడవలసింది ఎన్‌ఎస్‌ఎఫ్ 61 ముద్ర. ఇది తాగునీటి వ్యవస్థలో నీటికి తగిలే భాగాల నుంచి ఆరోగ్యానికి హాని చేసేవి దిగుతున్నాయా అని పరీక్షించే ప్రమాణం. దీని జాబితాలో ఒక్కొక్క వస్తువు ఎదుట దాన్ని చన్నీటికి 23 డిగ్రీల సెల్సియస్ దగ్గర పరీక్షించారా, వేడినీటికి 60 లేదా 82 డిగ్రీల దగ్గర పరీక్షించారా అన్నది కూడా రాసి ఉంటుంది. పూతలకైతే ఎంత పెద్ద ట్యాంకులో వాడవచ్చో కూడా చెబుతారు. చాలామంది ముద్ర చూసి తృప్తి పడి ఈ రెండు వివరాలను వదిలేస్తారు. చన్నీటికి పరీక్షించిన గొట్టాన్ని గీజరు తరువాత బిగిస్తే ఆ ముద్ర మిమ్మల్ని కాపాడదు.

వస్తువు అడుగున త్రికోణంలో ఉండే అంకె గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2 అంటే హెచ్‌డీపీఈ అనే గట్టి రకం పాలీఇథిలీన్, 5 అంటే పాలీప్రొపిలీన్ అనే మరో ప్లాస్టిక్. ఆ అంకె తిరిగి కరిగించేటప్పుడు ఏ ప్లాస్టిక్కో గుర్తుపట్టడానికి పెట్టినదే తప్ప తాగునీటికి పనికివస్తుందన్న హామీ కాదు. పురుగుమందు డబ్బా అడుగున కూడా 2 ఉండవచ్చు.

ఎక్కువమందికి సరిపోయేది పాలీఇథిలీన్

అన్నీ తూచి చూస్తే, సొంత బండికి ట్యాంకు అమర్చుకునే సాధారణ కుటుంబానికి నేను చెప్పేది పాలీఇథిలీన్ ట్యాంకే. అతుకులు లేకుండా ఒకే అచ్చులో వస్తుంది, తుప్పు పట్టదు, ఉప్పునీటికి చలించదు, బ్లీచింగ్‌తో కడిగినా తట్టుకుంటుంది. పైన చెప్పిన వంద లీటర్ల కొలతకు ఆరు మిల్లీమీటర్ల గోడతో ఎనిమిది కిలోలకు కాస్త పైన తూగుతుంది. అదే కొలతకు ఒకటిన్నర మిల్లీమీటర్ల స్టీలు రేకుతో చేస్తే 17 కిలోలు అవుతుంది. దానికి వంద కిలోల నీటి బరువు ఎలాగూ తోడవుతుంది గనుక బండిలో ఈ తేడా చిన్నది కాదు.

అయితే ఆ పాలీఇథిలీన్ కొత్త ముడిసరుకుతో, అంటే వ్యాపారులు వర్జిన్ మెటీరియల్ అనే దానితో చేసినదై ఉండాలి. పాత ప్లాస్టిక్‌ను కరిగించి కలిపిన ట్యాంకు చవకగా దొరుకుతుంది, కానీ ఆ పాత ప్లాస్టిక్ అంతకుముందు ఏమి మోసిందో ఎవరూ చెప్పలేరు. లోపలి గోడ రంగు మచ్చలుగా ఉన్నా, మూత తీయగానే ఘాటు వాసన వచ్చినా తీసుకోవద్దు. ఇదే కారణంతో వాడేసిన నీలి డ్రమ్ములను ఎంత కడిగినా తాగునీటికి వాడకూడదు. ప్లాస్టిక్ తన లోపల పోసినదాన్ని కొంత పీల్చుకుని, తరువాత మెల్లగా వదులుతుంది. ఆవకాయ పెట్టిన ప్లాస్టిక్ డబ్బాను ఎన్నిసార్లు తోమినా వాసన పోకపోవడం మనందరికీ అనుభవమే. ఆ డబ్బాలో నూనె, కారం బదులు థిన్నరు లాంటి సాల్వెంట్ ఉండి ఉంటే ఏమవుతుందో ఊహించండి. రసాయనాల నిల్వ కోసం చేసే క్రాస్‌లింక్డ్ (అణువుల గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేసిన) పాలీఇథిలీన్ ట్యాంకులు గట్టివే అయినా, తాగునీటికంటూ విడిగా ధ్రువీకరణ లేకపోతే వాటినీ పక్కన పెట్టండి.

పాలీఇథిలీన్‌కు ఒక లోపం ఉంది, దాన్ని అమ్మేవారు చెప్పరు. పెట్రోలు, థిన్నరు వంటి వాటి ఆవిరి దాని గోడగుండా లోపలికి చొరబడగలదు. ట్యాంకు ఎక్కడా పగలకపోయినా, చుక్క కారకపోయినా నీటికి ఆ వాసన పడుతుంది. జనరేటరు కోసం తీసుకెళ్ళే పెట్రోలు క్యాను, పెయింటు డబ్బా, జిగురు సీసా ఈ ట్యాంకు ఉన్న అరలో ఉండకూడదు. డీజిలు ట్యాంకుకు ఆనించి బిగించకూడదు. స్థలం లేక ఒకే పెట్టెలో రెండూ సర్దడం నేను చాలా బండ్లలో చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

వెలుతురు సంగతి కూడా చూసుకోవాలి. పాలరంగు ట్యాంకులో నీటి మట్టం బయటికే కనిపిస్తుంది, కానీ వెలుతురు పడితే నాచు పడుతుంది. బండి లోపల చీకటి అరలో పెట్టేటట్లయితే పాలరంగు మంచిది. బండి కింద గానీ పైకప్పు మీద గానీ పెట్టేటట్లయితే వెలుతురు చొరబడని నల్లది కావాలి. నా అభిప్రాయంలో మన ఎండలకు పైకప్పు మీద తాగునీరు పెట్టడమే తగదు. వేడి పెరిగినకొద్దీ ప్లాస్టిక్ నుంచి దిగేది పెరుగుతుంది, గోరువెచ్చని నీటిలో సూక్ష్మజీవులూ పెరుగుతాయి. లీజియొనెల్లా అనే బాక్టీరియాకు 25 నుంచి 45 డిగ్రీల మధ్య ఉండే నిలవ నీరు అనువైన చోటు. మే నెలలో ఎండలో నిలిపిన బండి మీది ట్యాంకు సరిగ్గా ఆ వేడిలోనే ఉంటుంది.

పాలీప్రొపిలీన్ పలకలను వెల్డు చేసి కావలసిన ఆకారంలో కట్టిన ట్యాంకు కూడా మంచిదే. ఇది వేడికి పాలీఇథిలీన్ కన్నా బాగా నిలుస్తుంది. కానీ గడ్డకట్టే చలిలో పెళుసుబారుతుంది గనుక చలికాలంలో అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో తిరిగేవారు దీనికి దూరంగా ఉండడం మేలు.

స్టీలు ఎంచుకునేవారికి

స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకు మీద మనకు సహజంగానే గౌరవం ఎక్కువ. సరిగా చేస్తే ఆ గౌరవానికి అది అర్హమైనదే: రుచి మార్చదు, వాసన పీల్చుకోదు, వెలుతురును రానివ్వదు. సరిగా చేయడమే కష్టం. నేను చేయించుకున్న మొదటి ట్యాంకు స్టీలుదే. ఏడాది తిరగకముందే లోపలి అతుకుల వెంట గోధుమరంగు చుక్కలు వచ్చాయి. రేకు మంచిదే, చెడిపోయింది వెల్డింగు దగ్గర. స్టీలును తుప్పు నుంచి కాపాడేది పైన ఉండే పలుచని క్రోమియం ఆక్సైడు పొర. వెల్డింగు వేడికి ఆ పక్కన నీలం, గోధుమ రంగుల మరక ఏర్పడిన చోట ఆ పొర బలహీనపడుతుంది. ఆ మరకను ఆమ్లపు పేస్టుతో తొలగించి, కడిగి, పొర మళ్ళీ ఏర్పడేటట్లు చేయాలి. ఈ పేస్టులో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది కాబట్టి ఇది ఇంట్లో చేసే పని కాదు. తెలిసిన వర్క్‌షాపు చేతనే చేయించాలి. మూసేసిన ట్యాంకు లోపలికి చేయి పోదు గనుక వెల్డింగు చేసేటప్పుడే వెనుక వైపు ఆర్గాన్ గ్యాసు నింపి ఉంచమని ముందే మాట్లాడుకోండి, చేయి దూరేంత తనిఖీ మూత పెట్టించండి, డబ్బు చెల్లించే ముందు టార్చి వేసి లోపలి అతుకులను చూడండి.

ఏ గ్రేడు అన్నది మీ నీటిని బట్టి తేలుతుంది. 304 గ్రేడులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316లో వీటికి తోడు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, నీటిలోని ఉప్పుతో వచ్చే క్లోరైడును తట్టుకునే శక్తి దానివల్ల పెరుగుతుంది. పరిశ్రమలో పాటించే అంచనా ప్రకారం మామూలు ఉష్ణోగ్రతలో లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు క్లోరైడు ఉన్న నీటికి 304, 1000 మిల్లీగ్రాముల వరకు 316 సరిపోతాయి. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 క్లోరైడుకు కోరదగిన పరిమితిని 250 మిల్లీగ్రాములుగా పెట్టి, వేరే నీరు దొరకనప్పుడు 1000 వరకు అనుమతిస్తుంది. అంటే మనిషి తాగడానికి ఒప్పుకున్న బోరు నీరే 304 ట్యాంకును చిల్లులు పొడవగలదు. తీరప్రాంతంలో తిరుగుతూ దొరికిన చోట బోరు నీరు నింపుకునేవారు 316 అయినా తీసుకోవాలి, లేదా స్టీలు ఆలోచన మానుకుని పాలీఇథిలీన్‌కు రావాలి. వెల్డింగు ఉంటుంది గనుక కార్బన్ 0.03 శాతానికి మించని 304ఎల్, 316ఎల్ రకాలు అడగండి.

అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలు అన్న నమ్మకాన్ని ఇక్కడ వదులుకోవాలి. చవకైన 202 గ్రేడుకు కూడా అయస్కాంతం అంటుకోదు. అందులో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు. తుప్పును తట్టుకునే శక్తి 304 కన్నా తక్కువ. రేకు మీద ముద్రించిన గ్రేడు, హీట్ నంబరు (ఏ విడతలో కరిగించిన స్టీలో తెలిపే సంఖ్య) కోయకముందే చూసి, వాటిని మిల్లు ఇచ్చిన పరీక్షాపత్రంతో సరిపోల్చుకోవడమే నమ్మదగిన దారి.

వద్దనవలసినవి

అల్యూమినియం తేలికే గానీ క్లోరైడుకూ బ్లీచింగ్‌కూ గుంటలు పడుతుంది. రాగి ఫిట్టింగు తగిలితే ఇంకా త్వరగా పాడవుతుంది. జింకు పూత వేసిన ఇనుము ఈ పనికి తగదు. ఫైబర్‌గ్లాసు ట్యాంకును సొంతంగా పోసుకోవద్దు, ఎందుకంటే రెజిన్ పూర్తిగా గట్టిపడకపోతే అందులోని స్టైరీన్ అనే రసాయనం నీటిలోకి దిగుతుంది. ఆ పని సరిగా పూర్తి కావాలంటే వేడి చేసి మగ్గబెట్టే ఏర్పాటు ఉండాలి. అద్దంలా మెరిసే గట్టి పాలీకార్బొనేట్‌ను బిస్ఫినాల్ ఏ అనే రసాయనంతో తయారు చేస్తారు. ఆహారానికి తగిలే వస్తువుల్లో ఆ రసాయనాన్ని యూరోపియన్ యూనియన్ 2025 జనవరి నుంచి నిషేధించింది, కొన్ని వస్తువులకు మాత్రం మారడానికి గడువు ఇచ్చింది. అనేక ఎపాక్సీ పూతలకూ మూలం ఇదే. మడత పెట్టే మెత్తని పీవీసీ సంచుల్లో మెత్తదనం కోసం కలిపే నూనెల వంటి పదార్థాలు ఉంటాయి కాబట్టి తాగునీటి ధ్రువీకరణ లేని సంచిని ఒక్క రాత్రికైనా వాడవద్దు.

రాగి ట్యాంకు చేయిస్తే ఆరోగ్యానికి మంచిది కదా అని అడిగేవారు ఉన్నారు. రాత్రి చెంబులో పోసి పొద్దున్నే తాగేసి, చింతపండుతో తోమే పాత్ర వేరు. వారాల తరబడి నీరు నిలిచి, లోపల తోమడానికి వీలుకాని పెట్టె వేరు. ఐఎస్ 10500లో రాగికి కోరదగిన పరిమితి లీటరుకు 0.05 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా 1.5. నిలవ నీటిలో, ముఖ్యంగా కాస్త ఆమ్లగుణం ఉన్న నీటిలో, ఆ గీత ఎప్పుడు దాటుతుందో కంటికి తెలియదు.

ట్యాంకు మంచిదై చిన్న భాగాలు చెడ్డవైతే

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. వేల రూపాయలు పెట్టి ధ్రువీకరించిన ట్యాంకు కొన్నవారే చివర్లో స్నానాలగదికి వాడే సిలికాన్‌తో మూత అంచు మూస్తారు. ఆ సిలికాన్‌లో బూజు పట్టకుండా శిలీంధ్రనాశిని కలుపుతారు. అది నీటికి తగలకూడదు. ఆహారానికి తగలదగినదని రాసి ఉన్న సిలికాన్ మాత్రమే వాడి, డబ్బా మీద చెప్పినన్ని రోజులు ఆరనివ్వాలి. అసలు పాలీఇథిలీన్‌కు సిలికాన్ గట్టిగా అంటుకోదు గనుక వాషరుతో మరబిగించే ఫిట్టింగే మేలు. వాషరు తాగునీటికి ధ్రువీకరించిన ఈపీడీఎం రబ్బరుతో గానీ, ఆహారపు రకం సిలికాన్‌తో గానీ చేసినదై ఉండాలి. దుకాణంలో దొరికే పేరులేని నల్ల రబ్బరు నీటికి వాసన పట్టిస్తుంది. మరల దగ్గర దారం చుట్టి రంగు పూసే పాత పద్ధతి వద్దు, టెఫ్లాన్ టేపు చాలు.

ఇత్తడి ఫిట్టింగులను సులభంగా మలచడం కోసం సీసం కలుపుతారు. అమెరికాలో 2014 జనవరి 4 నుంచి తాగునీటికి తగిలే భాగాల్లో సీసం సగటున 0.25 శాతానికి మించకూడదన్న నియమం అమలులో ఉంది. అక్కడ కొనేవారు ఆ నియమానికి లోబడినదని రాసి ఉన్నవే తీసుకోవాలి. ఇక్కడ అలాంటి హామీ దొరకనప్పుడు స్టీలు లేదా ధ్రువీకరించిన ప్లాస్టిక్ ఫిట్టింగులకు మారడం మంచిది. రాత్రంతా ఫిట్టింగులో నిలిచిన నీటిని పొద్దున్నే పిల్లవాడి పాలపొడిలో కలుపుతామన్నది గుర్తుంచుకుంటే ఈ జాగ్రత్త అతిగా అనిపించదు.

గొట్టాలకు పెక్స్, అంటే క్రాస్‌లింక్డ్ పాలీఇథిలీన్ గొట్టం, బాగుంటుంది: వంగుతుంది, కుదుపులకు అతుకు విడదు, తగిన రకమైతే వేడినీటికీ పనికివస్తుంది. సీపీవీసీ (వేడికి నిలిచే రకం పీవీసీ) కూడా వేడినీటిని తట్టుకుంటుంది గానీ గట్టిది గనుక బండి కుదుపులకు అతుకుల దగ్గర పగలవచ్చు. దాని జిగురు ఆరేదాకా నీరు వదలకూడదు. మామూలు గట్టి పీవీసీ అయిన యూపీవీసీ చన్నీటికి మాత్రమే. అమెరికాలో 1995కు ముందు తయారైన పాత బండిని కొనేవారు లోపల బూడిదరంగు గొట్టాలు ఉన్నాయేమో చూసుకోవాలి. అవి పాలీబ్యుటిలీన్ అయితే క్లోరిన్‌కు లోపలినుంచి పెళుసుబారే రకం, మొత్తం మార్చేయడమే పద్ధతి. ట్యాంకు నింపే పైపును కూడా మరవకండి. తోటకు నీళ్ళు పెట్టే పైపుతో ఏడాది పాటు ట్యాంకు నింపితే, మంచి ట్యాంకు కొన్న ఫలితం ఆ ఇరవై అడుగుల్లోనే పోతుంది. తాగునీటికంటూ అమ్మే పైపును విడిగా కొని, వాడాక నీరు వంపేసి, రెండు చివరలూ మూసి నీడలో పెట్టండి.

బిగించే ముందూ తరువాతా

ప్రమాణపత్రాలు సీసం, బిస్ఫినాల్ వంటి కంటికి కనబడని వాటి గురించి చెబుతాయి. వాసన, రుచి గురించి మీరే పరీక్షించుకోవచ్చు. ట్యాంకుతో వచ్చిన నమూనా ముక్కను, గొట్టం ముక్కను, వాషరును శుభ్రంగా కడిగి, విడివిడిగా గాజు సీసాల్లో మంచినీటిలో ముంచి మూత పెట్టండి. ఏమీ వేయని నీటితో ఇంకొక సీసా పక్కన పెట్టండి. ఒక రోజు వెచ్చని చోట ఉంచి, ఏ సీసా ఏదో తెలియని ఇంటివారి చేత వాసన చూపించండి. తేడా చెప్పగలిగితే ఆ భాగాన్ని తిరిగి ఇచ్చేయండి.

అంతా బిగించాక మొదట రెండు మూడుసార్లు మంచినీటితో నింపి వదలండి. తరువాత వంద లీటర్లకు 100 మిల్లీలీటర్ల చొప్పున, వాసన కలపని 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణాన్ని కలిపితే లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ అవుతుంది. ప్రతి కుళాయిలోనూ క్లోరిన్ వాసన వచ్చేదాకా నీరు వదిలి, నాలుగు గంటలు ఉంచి, పూర్తిగా ఖాళీ చేసి, వాసన పోయేదాకా కడగండి. స్టీలు ట్యాంకులో ఈ ద్రావణాన్ని ఆ నాలుగు గంటలకు మించి ఉంచవద్దు. దీనితో వెనిగరు గానీ వేరే ఆమ్లం గానీ ఎప్పుడూ కలపవద్దు, విషవాయువు పుడుతుంది. ఆ తరువాత నింపిన మంచినీటిని ఒక రాత్రి ట్యాంకులోనే ఉంచి, పొద్దున గ్లాసులో పట్టి, ఇంటి నీటి పక్కన పెట్టి రుచి చూడండి. ప్లాస్టిక్ రుచి తగిలితే ఇంకొకసారి నింపి వదలండి. మూడు నాలుగు సార్లకూ పోకపోతే మొదట వాషర్లను, అతుకులను, నింపే పైపును ఒక్కొక్కటిగా మార్చి చూసి, అప్పటికీ పోకపోతేనే ట్యాంకును తప్పుపట్టి వెనక్కి పంపండి.